కండలో ఎముక

ఇన్‌స్పెక్టర్ లాఠీ మళ్ళీ లేచింది. అది కిందికి దిగేలోపు మిరియం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

కుర్చీకి కట్టేసిన మనిషి తల వేలాడుతోంది. కింది పెదవి చీలి, చొక్కా ముందంతా రక్తం పాకింది. కుడిచేతి వేళ్ళలో రెండు ఉండాల్సిన దిక్కున లేవు.

“ఆ లాఠీ దింపితే ఈ కాగితం చదువుకోవచ్చు,” అంది మిరియం. “నిందితుణ్ణి కలవడానికి కోర్టు ఇచ్చిన అనుమతి.”

ఇన్‌స్పెక్టర్ కాగితం వైపు చూడలేదు. “వచ్చావా? ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా.”

ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్ళు. అతను అక్కడే ఉండి ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఆమె ఒక పై అధికారి చెంప పగలగొట్టి బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ అయింది. మనిషి పొట్టి, మాట ఘాటు. ట్రైనింగులో ఎవరో తగిలించిన ‘మిరియం’ అన్న పేరు ఈనాటికీ ఆమెను వదల్లేదు.

కుర్చీలో ఉన్నవాడు ఒక కలప అడితి యజమానికి తమ్ముడు. పోయిన వారం ఆ అడితిలో, పచ్చి చెక్కలు ఆరబెట్టే గదిలో మంటలు లేచాయి. ఆర్పేసరికి లోపల ఒక శవం బయటపడింది. ముఖం లేదు. చేతులు బొగ్గయిపోయాయి. వేలికున్న ఉంగరం, కరిగిపోయిన గడియారం చూసి యజమాని భార్య తన భర్తేనని చెప్పింది. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పట్టుకొచ్చారు. మిరియాన్ని పిలిపించుకున్నది ఆ తమ్ముడి భార్య.

మిరియం అతని ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళ గ్లాసు పెదవులకి ఆనించింది.

“మీ అన్నని కొట్టావా?”

“కొట్టాను మేడమ్.”

“విన్నావా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎందుకు కొట్టావు?”

“దొంగ కలప. లారీల మీద దిగుతోంది. రసీదుల మీద నా పేరే. ఇదేమిటన్నా అంటే, ఇష్టముంటే ఉండు, లేకపోతే పో అన్నాడు. అమ్మని తిట్టాడు. చేతికందిన చెక్కపేడు తీసుకుని తల మీద వేశాను.”

“పడిపోయాడా?”

“కూలబడ్డాడు. రక్తం కారింది. మళ్ళీ లేచి…” అతను గుటక వేశాడు. “లేచి నవ్వాడు మేడమ్. ‘నువ్వు కొట్టావని అందరూ చూశారుగా’ అన్నాడు. చుట్టూ పనివాళ్ళు ఉన్నారు. ఆ మాట ఎందుకన్నాడో నాకిప్పటికీ తెలీదు. నేను ఇంటికెళ్ళిపోయా. మంటలంటుకున్నాయంటే మళ్ళీ పరిగెత్తుకొచ్చి నేనే నీళ్ళు పోశా.”

మిరియం లేచి నిలబడింది. “దెబ్బ తిన్నవాడు నవ్వడమేమిటి, ఇన్‌స్పెక్టర్ గారూ?”

“చావుదెబ్బ తగిలితే మతి పోతుంది, నవ్వుతాడు. వీడు మళ్ళీ వచ్చి, కొన ఊపిరితో ఉన్నవాణ్ణి ఆ గదిలోకి లాగి తగలబెట్టాడు. నీళ్ళు పోయడం నాటకం. ఉంగరం ఉంది, గడియారం ఉంది, కట్టుకున్న భార్య గుర్తుపట్టింది. ఇంకేం కావాలి నీకు?”

“డీఎన్‌ఏ రిపోర్టు.”

“వస్తుంది తీరిగ్గా. అప్పటిదాకా వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని జోకొట్టమంటావా?”

“ఉంగరం ఎవరి వేలికైనా తొడగొచ్చు.”

“నీకు ఫీజిచ్చేది వీడి పెళ్ళాం. నువ్వలాగే అంటావు.” ఇన్‌స్పెక్టర్ లాఠీతో బల్ల మీద కొట్టాడు. కుర్చీలో మనిషి ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాడు. “నా కేసులో వేలు పెట్టకు. విరిగిపోతుంది.”

“వేళ్ళంటే గుర్తొచ్చింది. వాడి వేళ్ళకి కట్టు కట్టించు. లేకపోతే రేపు జడ్జి గారికి నేను చెప్పాల్సిందేమీ ఉండదు. ఆ చెయ్యి పైకెత్తి చూపిస్తే చాలు.”

సంచీలో ఫోన్ మోగింది. శవపరీక్ష చేసిన డాక్టరమ్మ. ఆమె ఎప్పుడూ పలకరింపులతో మొదలుపెట్టదు.

“మిరియం, తొందరగా రా. నీ శవంలో ఒక ఎముక ఎక్కువుంది.”

*

సెలవు రోజు కావడంతో వైద్య కళాశాలలో ఆ అంతస్తంతా ఖాళీగా ఉంది. డాక్టరమ్మ ఒక్కతే మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. భారీ మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీద, లవంగం బుగ్గలో. గదినిండా ఫార్మలిన్ వాసన, స్పిరిట్ వాసన.

ఆమె ఒక స్టీలు పళ్ళెం ముందుకు తోసింది. అందులో బూడిదరంగు వస్తువొకటి ఉంది. పెద్ద నిమ్మకాయని సగానికి కోసి లోపలిదంతా తీసేస్తే మిగిలే డొప్పలా ఉంది. కోడిగుడ్డు పెంకు కన్నా కొంచెం మందం.

“పుర్రె ముక్కా?” అంది మిరియం.

“నీ ఇన్‌స్పెక్టరూ అదే కూశాడు. పుర్రె పగిలింది కదా, ఎగిరి వీపు కింద పడి ఉంటుంది, పారేయండి డాక్టరుగారూ అన్నాడు. పుర్రె ఎముకంటే రెండు అట్టల మధ్య స్పాంజి పెట్టినట్టుంటుంది. ఇది ఒంటి పొర. పైగా ఇది వీపు కింద పడలేదు. వీపులో ఉంది.”

“వీపులోనా?”

“శవం వెల్లకిలా పడి ఉంది. ముందువైపంతా కాలిపోయింది. వెనక ఎడమ మూపు మాత్రం నేలకి అదుముకుపోయింది కాబట్టి అరచేయంత మేర చర్మం, కండ మిగిలాయి. తడిమితే గట్టిగా తగిలింది. కోశాను. కత్తి కిర్రుమంది.”

“భుజం ఎముకే అక్కడ పెరిగిందేమో.”

“రెంటికీ మధ్య వేలు దూరేంత సందుంది. ఇది ఏ ఎముకకీ చుట్టం కాదు. కండలో దానంతటదే పుట్టింది.” డాక్టరమ్మ లవంగం ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చింది. “నాకు నాలుగు రోజులు నిద్రలేదు దీనితో. ఎముక మెత్తబడేదాకా మందులో నానబెట్టి, పలచగా కోసి, రంగులు వేసి చూశా. రా, నువ్వూ చూడు.”

మిరియం మైక్రోస్కోపులోకి వంగింది. లేత నీలంరంగు జిగురు. ఆ జిగురులో చిన్న చిన్న గుండ్రటి గింజలు, దారానికి గుచ్చిన పూసల్లా వరసలు కట్టి ఉన్నాయి. అంచున గులాబీరంగు పలకలు.

“దెబ్బలు తగిలితే కండలో ఎముక కడుతుందని విన్నాను డాక్టరమ్మా.”

“కడుతుంది. దెబ్బకి లోపల రక్తం గడ్డకట్టి, అదే ఎముకైపోతుంది. మొదట నేనూ అలాగే అనుకున్నా. అదైతే లోపలంతా మానుతున్న పుండులా కనపడాలి. ఈ జిగురుండదు, ఈ పూసలుండవు. ఇంకొకటుంది, కండలో పుట్టే ఎముక క్యాన్సరు. అది రాక్షసి. దాంట్లో ఎముక నడిమధ్యన ఉంటుంది, అంచుల్లో కణాలు పిచ్చెత్తినట్టుంటాయి. ఇక్కడంతా తలకిందులు. ఎముక గుడ్డుపెంకులా బయట. లోపల కణాలు బుద్ధిగా బారులు తీరాయి. చివరికి ఒక ప్రత్యేకమైన రంగు వేసి చూస్తే పట్టింది. అప్పుడు ఒప్పుకున్నా.”

“ఏమని?”

“ఆసిఫైయింగ్ ఫైబ్రోమిక్సాయిడ్ ట్యూమర్. నోరు తిరక్కపోతే పెంకుగడ్డ అనుకో. మెత్తటి కండలో పుట్టి చుట్టూ ఎముక కట్టుకునే గడ్డ. చాలామంది డాక్టర్లు పుస్తకంలో చూసి రిటైరైపోతారు. నా సర్వీసులో ఇది రెండోది.”

“బుద్ధిగా ఉందంటున్నారు. అయితే ప్రమాదం లేనిదేనా?”

“అక్కడే నాకు అనుమానమొచ్చింది. మామూలుగా ఎముక పెంకు దగ్గరే ఆగిపోతుంది. ఇది లోపలికి పాకింది. ఆ జిగురు మధ్యలో చూడు, నిప్పురవ్వలు చల్లినట్టు ఎముక తునకలు. ఈ మూల కణాలు ఒకటికి రెండవుతున్నాయి. చెడు తిరిగింది. నొప్పితో పక్క మీద వాలలేకపోయి ఉంటాడు. ఇంకొన్నాళ్ళుంటే ఈ గడ్డే తినేసేది. అంతకంటే ముందు ఇంకెవరో తినేశారు.”

“మంట పెట్టేటప్పటికి బతికే ఉన్నాడా?”

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“గొంతులో, ఊపిరితిత్తుల్లో మసి ఉంది. తల మీద రెండు చావుదెబ్బలున్నాయి. వాటికి పోలేదు, పాపం. మంట పీల్చాడు.”

మిరియం పళ్ళెం దగ్గరికి లాక్కుని అడిగింది. “ఈ పెంకు కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఏళ్ళు. చొక్కా విప్పితే కనపడేది. కట్టుకున్నదానికి తెలియకుండా పోదు.”

“కట్టుకున్నదాన్నే అడుగుతాను,” అంది మిరియం.

*

అడితి వెనకే యజమాని ఇల్లు. భార్య హాల్లో కూర్చుని ఉంది. ఆమె తమ్ముడు గుమ్మానికి చేరబడి నిలబడ్డాడు. అడితిలో రంపం మిషను నడిపేది అతనే. దున్నలాంటి మనిషి, కనుబొమల్లో రంపంపొట్టు.

“దేవుడులాంటి మనిషి,” అంటోంది భార్య. “ఒక్కనాడు నన్ను ఏమే అనలేదు.” చచ్చినవాడి కళ్ళు చారెడు. మిరియం తల ఊపుతూ ఆమె చెప్పినంతసేపూ విన్నది.

“మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టను. శవాన్ని అప్పగించే ముందు డాక్టరమ్మ ఒక్క సంగతి తేల్చుకోవాలంటోంది. మీ ఆయనకి నడుం మీద, కుడిపక్క, పాత గడ్డేదైనా ఉండేదా?”

భార్య చూపు గుమ్మం వైపు వెళ్ళి వచ్చింది.

“ఉంది,” అంది.

“ఎప్పటినుంచి?”

“పెళ్ళినాటి నుంచే. డాక్టరుకి చూపించుకోండంటే వినేవారు కాదు.”

“కుడిపక్కేగా?”

“కుడిపక్కే. రోజూ నేనే నూనె రాసేదాన్ని.” చెంగుతో కళ్ళొత్తుకుంది.

“చిత్రంగా ఉందమ్మా. ఆ శవానికి నడుం మీద ఏమీ లేదు. గడ్డ ఎడమ మూపున ఉంది.”

చెంగు కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

గుమ్మంలో ఉన్నవాడు ముందుకొచ్చాడు. “పుట్టెడు దుఃఖంలో ఉంది. తడబడింది. దానికేమిటిప్పుడు?”

“తడబడితే గుర్తులేదంటారు. నూనె రాశానని ఎవరూ అనరు.”

“రెండు చోట్లా… ఆయనకి రెండు…” అంటోంది భార్య.

“అక్కా, నువ్వు లోపలికి పో.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడైంది. మిరియానికి ఆ చప్పుడు వినగానే గెలిచినంత ఉషారు వచ్చింది. లోపలికి వినపడేలా గొంతు పెంచి అంది. “ఆ గడ్డ డాక్టరమ్మ దగ్గర భద్రంగా ఉంది. డీఎన్‌ఏ దాకా అక్కర్లేదు, అది చాలు. ఎవరిదో నేనే కనుక్కుంటాను.”

వాళ్ళని బెదరగొట్టి తప్పటడుగు వేయించాలనుకుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

*

అడితిలో పని లేదు. దుంగల పక్కన ఒక ముసలామె మాత్రం కూర్చుని, బాడిసె లాంటి చిన్న కత్తితో బెరడు ఒలుస్తోంది. మిరియం ఆమె పక్కన దుంగ మీద కూర్చుంది.

“అవ్వా, ఇక్కడ పనిచేసేవాళ్ళలో ఎడమ మూపున గడ్డ ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?”

ముసలామె ముఖం విప్పారింది. “మూపురం సంగతి అడుగుతున్నావా? మా తమ్ముడేనమ్మా! దుంగలు మోసీ మోసీ కాయ కాసిందనుకున్నాం. అందరూ ఎద్దు మూపురమని ఎగతాళి చేసేవాళ్ళు. వాడూ పడీ పడీ నవ్వేవాడు. ఈమధ్య నొప్పని కూర్చునే నిద్రపోయేవాడు తల్లీ. అయ్యగారే దయతలిచి పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయిస్తానన్నారు. మంటలంటుకున్న రోజునే రమ్మన్నారు. వాణ్ణి అక్కడ దింపొచ్చాక, పాపం, అయ్యగారికే ఇలా అయింది. నెలదాకా ఎవరూ చూడ్డానికి రాకూడదట కదా?”

ముసలామె కత్తి పక్కన పెట్టింది.

“నువ్వు ఆసుపత్రి నుంచేనా అమ్మా? గడ్డ తీసేశారా?”

“తీసేశారవ్వా,” అంది మిరియం.

“నొప్పి తగ్గిందా వాడికి?”

“తగ్గింది.”

ముసలామె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మిరియం అక్కడ కూర్చోలేకపోయింది. లేచి, వెనక్కి చూడకుండా ఆరబెట్టే గది వైపు నడిచింది.

ఇప్పుడు అంతా తెలుస్తోంది. ఒడ్డూ పొడుగూ యజమానికి సరితూగే మనిషి. వెతకడానికి ఒక ముసలి అక్క తప్ప ఎవరూ లేరు. తన తమ్ముణ్ణి నలుగురి ముందు రెచ్చగొట్టి దెబ్బ తిన్నాడు యజమాని, అందుకే నవ్వాడు. ఉంగరం, గడియారం తీసి మూపురానికి తొడిగాడు. గడ్డ సంగతి అతనికి తెలుసు. అయినా జంకలేదు. మంటలో కండ మిగలదుగా అనుకున్నాడు. ఆ కండలో ఎముక ఉందని అతనికి తెలీదు.

గదికి ఇనుప తలుపు. గడియ బయటివైపే ఉంది. లోపల గోడలు నల్లగా, వాసన ఇంకా పోలేదు. మిరియం మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వెలుగులో తలుపు లోపలివైపు చూసింది. అడుగున, పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో, గీతలు. నాలుగేసి గీతలు పక్కపక్కనే. పాత రంగు లేచిపోయి ఇనుము కనపడేదాకా గీరిన గోళ్ళ గుర్తులు. గీతల లోపల కూడా మసి పట్టి ఉంది. అంటే పొగ కమ్మకముందే గీశాడు. మంట పెడుతున్నారని అతనికి తెలుసు.

వెలుగు తగ్గింది. గుమ్మానికి ఎవరో అడ్డం నిలబడ్డారు.

“మూపురం గట్టివాడు,” అన్నాడు రంపం మిషనువాడు. చేతిలో దుంగలు లాగే ఇనుప కొక్కెం ఉంది. “రెండు దెబ్బలేసినా పాక్కుంటూ తలుపు దాకా వచ్చాడు. నువ్వు వాడిలో సగం కూడా లేవు.”

కొక్కెం గాలిని కోసుకుంటూ దిగింది. మిరియం పక్కకి దొర్లింది. మొన ఆమె ముంజేతిని మోచేతి దాకా చీల్చి, సిమెంటు నేల మీద నిప్పులు రాల్చింది. ఎడమ చేత్తో ఇంత బూడిద పట్టి అతని కళ్ళలో కొట్టింది. అతను గుడ్డిగానే వచ్చి మీద పడ్డాడు. కణత మీద పిడికిలి పడింది. రెండో చెయ్యి గొంతు దొరకబుచ్చుకుంది. ఆమె పాదాలు నేల మీదనుంచి లేచాయి. గోడ వీపుని కాల్చినట్టు గీరింది. ఆమె బొటనవేలు అతని కంట్లో గుచ్చింది. అతను అరిచాడు కానీ గొంతు వదల్లేదు. చూపు మసకబారుతుండగా ఏదో విరిగిన చప్పుడు వినిపించింది. తన మెడేననుకుంది.

మెడ కాదు. అతని మణికట్టు. వెనక ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. లాఠీ రెండోసారి మోకాలి మీద పడింది. దున్నలాంటి మనిషి పక్కకి కూలిపోయాడు. మూడోది మూతి మీద పడింది. పళ్ళు నేల మీద చిందాయి.

మిరియం గోడ పట్టుకుని దగ్గింది. “ఎలా… వచ్చావు?”

“నీ వెనకాలే వచ్చా. సాక్షుల్ని బెదిరిస్తే నిన్నూ లోపలేద్దామని.” అతను రొప్పుతున్నాడు. “ఎవరా మూపురం?”

“నువ్వు పారేయమన్న పుర్రె ముక్క. అది పుర్రెది కాదు. ఇక్కడ మూటలు, దుంగలు మోసే కూలీ వీపులో పుట్టిన గడ్డ. కాలింది అతను. నీ స్టేషన్లో కూర్చుని వేళ్ళు విరగ్గొట్టించుకున్నవాడు ఎవర్నీ చంపలేదు.”

“గడ్డలు ఎవరికైనా ఉంటాయి.”

“ఈ గడ్డ ఉండదు! ఒక డాక్టరు జీవితం మొత్తంలో రెండు చూసింది. ఆ వీపు ఎవరిదో వాడి సొంత అక్క బయట కూర్చుని చెబుతోంది, పోయి అడుగు. భార్య అబద్ధమాడింది. ఈ పశువు ఇప్పుడే ఒప్పుకుంది, నీ చెవులారా విన్నావు. ఇంకా ఎంతమంది పళ్ళు రాలగొడితే నీకు అర్థమవుతుంది?”

ఇన్‌స్పెక్టర్ పిడికిలి బిగిసింది. ఒక్క క్షణం ఆమెనే కొడతాడేమో అనిపించింది. అప్పుడు కిందనుంచి నవ్వు వినిపించింది. నోటినిండా రక్తంతో రంపం మిషనువాడు నవ్వుతున్నాడు.

“కొట్టుకోండి, బాగా కొట్టుకోండి. మా అక్క ఎప్పుడో ఫోను చేసింది. ఈపాటికి మా బావ డాక్టరమ్మ దగ్గరుంటాడు.”

“ఏ బావ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నాకున్నది ఒక్కడే బావ.”

మిరియం రక్తం కారుతున్న చేత్తోనే ఫోన్ తీసి నొక్కింది. మోగుతోంది. ఎత్తరేమోననుకుంది. ఎత్తారు. చెప్పుల కింద గాజుముక్కలు నలుగుతున్న చప్పుడు. ఆమె స్పీకరు నొక్కింది.

“డాక్టరమ్మ ఇప్పుడు మాట్లాడలేదు,” అంది మగగొంతు. నింపాదిగా, దుకాణంలో బేరమాడుతున్నట్టుగా ఉంది. “ఒక చిన్న ముక్క. ఎక్కడ పెట్టిందో చెప్పనంటోంది. ఇంత మొండిమనిషిని నేను చూడలేదు. నువ్వేనా ఆ డిటెక్టివ్వి? నువ్వయినా చెప్పు.”

ఇన్‌స్పెక్టర్ ఆ గొంతు గుర్తుపట్టాడు. దొంగ కలప కేసులో, తన ముఠాని పట్టిస్తానని వచ్చిన ఈ యజమాని దగ్గర వాంగ్మూలం రాసుకున్నది ఇన్‌స్పెక్టరే. ముఠా చేతిలో చావకుండా ఉండటానికి యజమాని ముందే చచ్చినట్టు నాటకమాడాడని ఇప్పుడు తెలిసింది.

“వీడే,” అన్నాడు. “నేను పంచనామా రాసింది వీడికే.”

ఫోన్‌లో దూరంగా డాక్టరమ్మ కేక. “మిరియం! పెనుగులాటలో చొక్కా చిరిగింది, వీడి వీపు చూశానే! నున్నగా ఉంది, ఒక్క…” ధబ్బుమన్న చప్పుడు. కేక తెగిపోయింది.

“ఆమెని ముట్టుకోకు!” అంది మిరియం. అతన్ని ఆ గదిలోంచి బయటికి లాగాలి. ఎలాగైనా. “నువ్వు వెతికేది అక్కడ లేదు. నేను తెచ్చేసుకున్నా. నా సంచీలో ఉంది.”

“నిజంగా?”

“నిజంగా. కావాలంటే నా దగ్గరికి రా.”

అటువైపు గాజుముక్కల మీద అడుగుల చప్పుడు ఆగింది.

“అయితే ఈమెతో నాకింక పని లేదు,” అన్నాడు చచ్చినవాడు.

సీసాలు పగలడం మొదలైంది. ఒకటి, దాని వెంట ఇంకొకటి. తర్వాత నేల మీద బడబడా ఏదో ఒలికిన చప్పుడు. ఆ గది నిండా ఉన్నది స్పిరిటేనని మిరియానికి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. పరిగెడుతూనే వైర్‌లెస్‌లో ఫైరింజన్ కోసం, ఆ చుట్టుపక్కలున్న కానిస్టేబుళ్ళ కోసం అరుస్తున్నాడు. ఆమె అతని వెనక పరిగెత్తి, కదిలిన జీపులోకి ఎక్కింది. ఫోన్ చెవి దగ్గరనుంచి తియ్యలేదు.

అటువైపు ఫోన్ నేల మీద పడేసిన చప్పుడు, ఆ వెంటనే అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించాయి. తలుపు మూసుకుంది. బయటినుంచి గడియ పడింది.

మెత్తగా, పెద్ద గుడ్డ ఏదో దులిపినట్టుగా, మంట అంటుకుంది.

“డాక్టరమ్మా!” అని అరిచింది మిరియం. “డాక్టరమ్మా!”

మంట చప్పుడు పెరుగుతోంది. దానిలోంచి, ఫోన్‌కి బాగా దగ్గరగా, ఎవరో దగ్గారు.